కొత్త ఉబుంటులో కట్టిన కంపైలర్ పాత సర్వర్‌లో ఎందుకు నడవదంటే

ఉబుంటు 22.04 లినక్స్‌లో కట్టిన (అంటే సోర్సు కోడ్ నుంచి తయారుచేసిన) జీసీసీ కంపైలర్ ప్యాకేజీ, మీ సర్వర్‌లోని ఆల్మాలినక్స్ 8లో ‘జీలిబ్‌సీ 2.34 దొరకలేదు’ అంటూ ఆగిపోతోందని మీరు రాశారు. మీ ప్యాకేజీలో తప్పు లేదండి, కట్టిన చోటే చిక్కు.

జీలిబ్‌సీ అంటే ఈ లినక్స్‌లలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ. ఉబుంటు 22.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.35, మీ సర్వర్‌లో 2.28. పాతదానిపై కట్టినది కొత్తదానిపై నడుస్తుంది, తిరగేస్తే నడవదు. పైగా 2.34లో ఒకే ప్రోగ్రాములో పలు పనులను ఏకకాలంలో నడిపే పీథ్రెడ్ లైబ్రరీని జీలిబ్‌సీ ప్రధాన ఫైలైన లిబ్‌సీలోనే కలిపేశారు, ప్రోగ్రామును మొదలుపెట్టే ఫంక్షన్‌కూ కొత్త వెర్షన్ ముద్ర వేశారు. అందుకే రెండు వరసల ప్రోగ్రాము కట్టినా అది 2.34నే అడుగుతుంది.

కొత్త లిబ్‌సీ ఫైలును మాత్రం సర్వర్‌లోకి కాపీ చేయకండి. ఒకసారి నేనా పని చేసి, ఫైళ్ల జాబితా చూసే ఆదేశం కూడా నడవని స్థితి తెచ్చుకున్నాను!

ఆల్మాలినక్స్ 8 కంటైనర్‌లో (మీ కంప్యూటర్‌లోనే విడిగా నడిచే ఆల్మాలినక్స్ వాతావరణంలో) మళ్లీ కట్టండి. జీసీసీకి కావలసిన గణిత లైబ్రరీలు జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీల సోర్సులను జీసీసీ సోర్సు ఫోల్డర్‌లోనే పెడితే అవి స్టాటిక్‌గా, అంటే కంపైలర్ బైనరీలోనే, కలిసిపోతాయి, వాటి వెర్షన్ల గొడవ ఉండదు. పంపిణీకి ముందు బైనరీ లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్ ఆదేశంతో ప్రతి బైనరీ ఏ జీలిబ్‌సీ వెర్షన్లను అడుగుతోందో చూడండి; 2.28 దాటకూడదు.

ఆల్పైన్ అనే మరో లినక్స్ వాడేవారికి ఇదీ పనికిరాదు. అక్కడ జీలిబ్‌సీ బదులు ఉన్నది మజిల్ (musl) అనే వేరే లైబ్రరీ, దానికి వేరుగా కట్టాల్సిందే.