ఊరంతా కరువైతే ఈ బాధకు అర్థముందా?

ప్రశ్న: శెనక్కాయ పంట మళ్లీ ఎండింది. ఊరంతా ఇదే గతి. 'నా కర్మ, ఎందుకీ బతుకు' అని మా ఆయన మూలన కూర్చుంటున్నాడు. ఈ బాధకు అర్థముందా?
– ఒక సోదరి, కళ్యాణదుర్గం

జవాబు: వాన రాకపోవడం ఆయన కర్మ కాదమ్మా. 1876–78 ధాత కరువూ ఎవరి పాపఫలమూ కాదు. కరువుకు అర్థం వెతకొద్దు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టించారు. సీమ ఆయన్ని ఇప్పటికీ తలుచుకునేది అందుకే.

ముందు ప్రాణం సంగతి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. పురుగుమందు డబ్బాలు ఈ రోజే ఇంట్లోంచి తీయించి వేరేచోట తాళంలో పెట్టించండి. చచ్చిపోవాలనే ఉద్వేగం చాలామందిలో కాసేపే ఉంటుంది. విషం చేతికందకపోతే ప్రాణం దక్కుతుంది. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416కు రాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

నిద్ర, ఆకలి రెండు వారాలుగా లేకపోతే డాక్టరుకు చూపించండి. మందు గుణమివ్వడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది వారానికే 'పనిచేయలేదు' అని మానేస్తారు. మాననివ్వకండి.

కాస్త తేరుకున్నాక అప్పుల పట్టీ ఆయనచేతే రాయించండి: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు. రోజుకొక పని ఇంకొకరి కోసం చేయమనండి, పక్కింటి ఎద్దులకు నీళ్లు పెట్టడమైనా సరే. ఆ పని ఫలానా వేళకని ముందే అనుకోండి. బుద్ధి పుట్టినప్పుడు చేద్దామనుకుంటే ఈ స్థితిలో బుద్ధి పుట్టదు.