రసీదులో ఫొటోషూట్ అని ఉంది, మరి యాడ్ గ్యారంటీ మాట ఎక్కడుంది?

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు. మోడలింగ్‌లో పెడదామని ఒక ఏజెన్సీకి వెళ్తే ఆరు నెలల్లో రెండు యాడ్స్ గ్యారంటీ అని రెండు విడతల్లో డబ్బు కట్టించుకున్నారు. మొదటిది యూపీఐ, రెండోది క్యాష్. ఫొటోలు తీసి ఆల్బమ్ ఇచ్చారు, 22 నెలలైనా ఒక్క యాడ్ రాలేదు, అడిగితే వచ్చే నెల అంటున్నారు. పాప స్కూల్లో అందరికీ చెప్పేసుకుంది, ఇప్పుడు రోజూ ఏడుపే. క్యాష్‌కి రసీదు లేదు, మా తమ్ముడు వాళ్ల పేరుతో పాత తేదీ వేసి ఒకటి తయారు చేయిద్దామంటున్నాడు. ఇంకో ఏజెన్సీ పిలుస్తోంది, వెళ్లొచ్చా? మా డబ్బు వస్తుందా? యాడ్స్ గ్యారంటీ అని ఏజెన్సీ కోఆర్డినేటర్ పంపిన వాయిస్ మెసేజ్ పాత ఫోన్లో ఉంది, ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నాం.

జవాబు: అమ్మా, పాప ఏడుపు గురించి చాలా రాశారు గానీ మీ కేసు దాని మీద నిలబడదు. మీరు పంపిన రసీదు చూశాను, దాని మీద 'పోర్ట్‌ఫోలియో షూట్ చార్జీలు' అనే ఉంది, యాడ్ అన్న మాటే లేదు. రేపు వాళ్లు చెప్పేది కూడా ఇదే, ఫొటోలు తీస్తామన్నాం తీశాం, ఆల్బమ్ ఇచ్చాం, ఇంకేం కావాలి అంటారు. అంటే తేలాల్సింది ఒక్కటే, ఆ డబ్బు ఫొటోల కోసం తీసుకున్నారా, యాడ్స్ ఇప్పిస్తామని తీసుకున్నారా?

మీ దగ్గర దానికి సాక్ష్యం ఉంది, చివర్లో ఏదో మామూలు విషయంలా రాశారు, "అమౌంట్ వేసేయండి మేడమ్, సిక్స్ మంత్స్‌లో టూ యాడ్స్ నాదీ గ్యారంటీ" అని కోఆర్డినేటర్ పంపిన వాయిస్ మెసేజ్, అది పాత ఫోన్లో ఉంది, ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నాం అని. ఇచ్చేస్తే మీ కేసు కూడా ఆ ఫోన్‌తో పాటే పోతుంది! ఇంత డబ్బు కట్టి, యాడ్స్ మాట కాగితం మీద రాయించుకోకపోవడమే పెద్ద నిర్లక్ష్యం, ఉన్న ఒక్క ఆధారాన్ని కూడా చేజేతులా పోగొట్టుకుంటారా?

ఆ ఫోన్ రీసెట్ చేయొద్దు, వాట్సాప్ తీసేయొద్దు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల పెట్టుకోండి, కానీ ఫార్వర్డ్ చేసిన కాపీ ఉంది కదా అని ఫోన్ వదిలేయకండి, ఒరిజినల్ ఉన్న ఫోన్‌కి ఉండే బలం వేరు. పెన్ డ్రైవ్‌లో వేసి దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హాష్ వాల్యూ (ఫైల్‌ని మార్చలేదని చూపించే కోడ్) కూడా రాయాలి. కేసు మీ లాయరు వేస్తే ఈ పని ముందే చేయించమనండి.

ఇక టైమ్. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లడానికి 2019 చట్టం సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లే గడువు. ఆరు నెలల మాట తప్పిన రోజు నుంచి లెక్కేయాలని మేం వాదించొచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడి కూర్చోవద్దు, డబ్బు కట్టిన రోజు నుంచే లెక్కేసుకోండి, అలా చూస్తే మీకున్నది రెండు నెలలు. వాళ్లు "వచ్చే నెల, వచ్చే నెల" అంటూ తిప్పుతున్నది ఎందుకో ఇప్పుడు అర్థమైందా? నోటిమాటగా వాయిదా అడిగితే గడువు ఆగదు, మీరు లీగల్ నోటీసు ఇచ్చినా ఆగదు. చాలామంది నోటీసు ఇచ్చాం కదా అని జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటించేసుకుంటారు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించొచ్చు, మన్నిస్తుందని గ్యారంటీ ఏమీ లేదు. సివిల్ సూట్‌కి 3 ఏళ్లుంటుంది గానీ కోర్టు ఫీజు కట్టాలి, వాయిదాలూ ఎక్కువ.

తమ్ముడి సలహా గురించి గట్టిగా చెప్తున్నా, ఆ పని చేయొద్దు. అవతలివాళ్ల పేరుతో పాత తేదీ రసీదు పుట్టిస్తే అది ఫోర్జరీ, దాన్ని సాక్ష్యంగా పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ ఒక్క కాగితం దొంగదని తేలితే మీ దగ్గరున్న నిజమైన వాయిస్ మెసేజ్‌ని కూడా ఎవరూ నమ్మరు. క్యాష్‌కి రసీదు లేకపోతే మునిగిందేమీ లేదు, ఆ రోజు బ్యాంకు నుంచి డబ్బు తీసినట్టు స్టేట్‌మెంట్ ఉంటుంది, చాట్‌లో "రిసీవ్డ్ మేడమ్" లాంటి మెసేజ్ ఉందేమో వెతకండి. ఏదీ దొరక్కపోతే యూపీఐ మొత్తం గట్టిగా అడుగుదాం, క్యాష్ సంగతి ఉన్నది ఉన్నట్టు అఫిడవిట్‌లో చెబుదాం. యూపీఐ కూడా కోఆర్డినేటర్ సొంత నంబరుకి వెళ్లింది, కాబట్టి ఏజెన్సీతో పాటు అతన్నీ పార్టీగా చేర్చాలి.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు టైమ్ ఇవ్వండి, డబ్బు వాపసుతో పాటు పాప ఫొటోలు ఎక్కడా వాడకూడదు, వాళ్ల దగ్గరున్న ఫైళ్లు తీసేయాలి అని కూడా రాయించండి (ఇది మీరు అడగలేదు, నాకైతే డబ్బు కంటే ముందు గుర్తొచ్చింది ఇదే). 16వ రోజున కంప్లయింట్ వేసేయండి. మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, వాళ్ల ఊరు వెళ్లక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే కన్స్యూమర్ కమిషన్ల పోర్టల్‌లో కూడా కుదురుతుంది, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వాపసు ఇవ్వబడదు అని రసీదు కింద అచ్చేశారని భయపడకండి, అబద్ధపు హామీ ఇచ్చి తీసుకున్నారని రుజువు చేయగలిగితే ఆ లైను వాళ్లని కాపాడదు. పోలీసు కేసు అంటారా, మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, ఇలాగే కట్టిన ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు దొరికితే అప్పుడు దానికి బలం వస్తుంది.

రెండో ఏజెన్సీ సంగతి. పిల్లలతో యాడ్ తీయాలంటే 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి, అది తీసుకోవాల్సింది నిర్మాతే. రోజుకి 5 గంటలకి మించకూడదు, విరామం లేకుండా 3 గంటలకి మించకూడదు, పాప సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పాపకి ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మీకు ఫోన్ చేసినవాళ్లని అనుమతి కాపీ చూపించమనండి, ముందు డబ్బు కట్టమంటే అక్కడే ఆపేయండి.

ఆ పాత ఫోన్ ఆన్ అవుతోందో లేదో ఇవాళే చూసి, వాయిస్ మెసేజ్ ఏ తేదీన వచ్చిందో నాకు రాయండి.