మగ్గం ఆడుతున్నా చేతిలో డబ్బు ఆడటం లేదు

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో నాలుగు మగ్గాల మీద దర్రీలు (నేలపై పరిచే నూలు తివాచీలు) నేయించి హోల్‌సేల్ వ్యాపారులకు అమ్ముతున్నాం. గిరాకీ ఉంది కానీ, బిల్లు డబ్బు మూడు నెలలకు గానీ రావడం లేదు. తాకట్టు లేదని బ్యాంకు రుణం ఇవ్వలేదు. నూలుకు, కూలికి గిరిగిరి ఫైనాన్స్ (రోజువారీ కిస్తీల అప్పు) తెస్తున్నాం. మగ్గాలు ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తొందరపడి ఆపకండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి మీకు అమ్మకాల కొరత లేదు. నూలు కొన్న రోజుకూ బిల్లు వసూలైన రోజుకూ మధ్యనున్న మూడు నెలల ఎడమే మిమ్మల్ని కుంగదీస్తోంది. ఆ ఎడాన్ని ఏ రకం అప్పుతో పూడుస్తున్నారన్నదాని మీదే మీ మగ్గాల మనుగడ ఆధారపడి ఉంది.

గిరిగిరిలో 10,000 రూపాయలు రాసుకొని, 1,500 ముందే పట్టుకొని, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారనుకుందాం. చూడటానికి అది 15 శాతంలా ఉంటుంది గానీ, చేతికి వచ్చింది 8,500 మాత్రమే కావడం, అసలు రోజూ తరుగుతూ పోవడం లెక్కలోకి తీసుకుంటే ఏడాదికి వడ్డీ 120 శాతం దాటుతుంది. పైగా డబ్బు వచ్చేది మూడు నెలలకు, కిస్తీ మొదలయ్యేది మర్నాటికే. దాంతో ఒక గిరిగిరి తీర్చడానికి ఇంకొకటి తేవలసి వస్తుంది.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇచ్చే రుణాలకు కనీసం 10 లక్షల రూపాయల వరకు తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కనుక మళ్లీ వెళ్లి దరఖాస్తును రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒకేసారి ఇచ్చి కిస్తీల్లో వసూలు చేసే టర్మ్ లోన్ బదులు క్యాష్ క్రెడిట్ అడగండి. అందులో వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది, బిల్లు రాగానే జమ చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ముద్ర రుణాల పథకంలోని కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు వీలుంది. అయితే మీ అమ్మకాలు బ్యాంకు ఖాతాలో కనిపించాలి. చేతి మీదుగా జరిగిన అమ్మకం ఎంత నిజమైనా మేనేజరుకు ఆధారం కాదు.

చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, వెంటనే చేయించుకోండి. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు కొనుగోలుదారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి. పాత కొనుగోలుదారులతో తగవు పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే కాబట్టి, ముందుగా ప్రతి బిల్లుపై ఉద్యమ్ సంఖ్య, చెల్లింపు తేదీ వేయించండి.

నూలు, కూలి పోగా దర్రీకి ఎంత మిగులుతోందో కూడా రాసి చూడండి. ఏమీ మిగలకపోతే బ్యాంకు అప్పు కూడా భారమే. మిగులుతుంటే మాత్రం, రాబోయే బిల్లులతో గిరిగిరిని తీర్చేసి, కొత్తది తీసుకోకండి.