కరెంటు పెట్టిన దవడ: పన్ను పీకించేముందు ఆగండి

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. కుడి బుగ్గ లోపల క్యాన్సర్ అని ఆపరేషన్ చేసి, తర్వాత 30 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు. అదయ్యి రెండు నెలలైంది. ఇంకా నోటికి రుచి తెలీదు, కారం తగిలితే మంట. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోదు. రాగి జావతో నెట్టుకొస్తున్నాం. 62 కిలోల మనిషి 54కి వచ్చాడు. అదే పక్క కింది దవడ పన్ను నొప్పి అంటే మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేస్తున్నాం. వచ్చే సోమవారం ఇక్కడే పన్ను పీకిస్తున్నాం. గుట్కా మానేశాడు, వక్కపొడి ఒక్కటే వేసుకుంటాడు. రుచి ఎప్పుడొస్తుంది? కారం ఎప్పటినుంచి తినొచ్చు?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: రుచి సంగతి తర్వాత. ముందు ఆ సోమవారం పని ఆపండి. రేడియేషన్ ఇచ్చిన డాక్టరును అడగకుండా ఆ దవడలో పన్ను పీకించొద్దు.

కరెంటు తగిలిన ఎముకలో సన్నటి రక్తనాళాలు చాలావరకు దెబ్బతింటాయి. పైకి చిగురు బాగానే కనిపించినా, లోపల ఎముకకు గాయం మాన్పుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. మామూలు మనిషికి పన్ను పీకిన గుంత కొన్ని వారాల్లో పూడిపోతుంది. ఇలాంటి దవడలో పూడకపోతే ఎముక బయటపడి చీము పడుతుంది, ఒక్కోసారి దవడే విరుగుతుంది. దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటాం. పై దవడకన్నా కింది దవడకే ఎక్కువగా వస్తుంది. ఏళ్లు గడిచినా ఈ ముప్పు తీరిపోదు. అందరికీ వస్తుందని కాదు, వస్తే మాత్రం నయం చేయడం కష్టం.

పీకబోయే డాక్టరుకు కరెంటు పెట్టిన విషయం చెప్పారా? మీరు రాసినదాంట్లో ఆ మాట లేదు. పంటికీ దానికీ ఏం సంబంధంలే అని చాలామంది చెప్పరు. చికిత్స చేసిన ఆస్పత్రి నుంచి ట్రీట్‌మెంట్ సమ్మరీ తీసుకోండి. ఆపరేషన్ తర్వాత 30 సిట్టింగులంటే సాధారణంగా మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత). ఆ పన్ను ఉన్నచోట ఎముకకు ఎంత పడిందో వాళ్లు ప్లాన్ చూసి చెప్పగలరు. ఓపీజీ (రెండు దవడలూ, పళ్లన్నీ ఒకే ఫిల్ములో కనిపించే) ఎక్స్‌రే తీయించాక, వీలైతే రూట్ కెనాల్‌తో సరిపెట్టొచ్చు, లేదా పైభాగం కోసేసి వేర్లు లోపలే వదిలేయొచ్చు. పీకక తప్పదంటే ఆస్పత్రిలో ఓరల్ సర్జన్ చేతిలో, రేడియేషన్ డాక్టరుతో మాట్లాడుకున్నాకే జరగాలి.

అసలు అది పంటి నొప్పేనా అన్నది కూడా తేలాలి. ఆపరేషన్ చేసిన పక్కే అంటున్నారు కాబట్టి ఎముక నుంచి రావచ్చు, జబ్బు తిరగబెట్టినా రావచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు, చూడకుండా నేను తేల్చలేను. అందుకే ఈ వారంలోనే చూపించండి.

ఇక ఆ మాత్రలు. పేరు రాయలేదు. షాపులో పంటి నొప్పికి సాధారణంగా ఇచ్చేది డైక్లోఫెనాక్ లాంటిది. సరిగా తినక, నీళ్లు తాగక ఉన్న మనిషికి అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. సిస్‌ప్లాటిన్ కీమో కూడా ఎక్కించి ఉంటే ఇంకా ప్రమాదం. కొన్నిచోట్ల వాటితో పాటు స్టెరాయిడ్ మాత్ర కూడా కలిపి ఇస్తారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆపైన షుగర్ పెరుగుతుంది, నోట్లో తెల్లటి ఫంగస్ పూత లేస్తుంది. నొప్పి అణిగితే చీము పడుతున్న సంగతి కూడా ఆలస్యంగా బయటపడుతుంది. ఇప్పటిదాకా వాడిన స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నోరు తెరుచుకోవడం: చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ నిలువుగా ముందు పళ్ల మధ్య పట్టాలి. 35 మిల్లీమీటర్లకన్నా తక్కువైతే ట్రిస్మస్ అంటాం. ఇప్పుడు వదిలేస్తే కండరాలు గట్టిపడి, తర్వాత సాగదీయడం కష్టమవుతుంది. గోరువెచ్చని ఉప్పు–సోడా నీళ్లతో పుక్కిలించి (లీటరు నీళ్లకు ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా), ఐస్‌క్రీమ్ పుల్లలు పట్టినన్ని ఒకదానిపై ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టాలి. అరనిమిషం ఉంచి తీయాలి. ఇలా ఐదారుసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. వదులయ్యేకొద్దీ ఒక్కో పుల్ల పెంచాలి. నొప్పున్న పన్ను మీద మాత్రం ఒత్తిడి పడకూడదు కాబట్టి, మొదటిసారి ఫిజియోథెరపిస్టు చూపించాకే మొదలెట్టండి. రక్తం వస్తే ఆపేయండి. తెరుచుకుంటున్న నోరు మళ్లీ బిగుసుకుపోతుంటే వ్యాయామంతో సరిపెట్టుకోక, డాక్టరుకు చెప్పండి.

ఎనిమిది కిలోలు తగ్గారంటే నాకు నచ్చలేదు. నీళ్ల జావలో బలం ఎంత? ఆయనకు రోజుకు దాదాపు 1,700 కేలరీలు, 65 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో వచ్చేది ఆరు గ్రాములే. జావను నీళ్లతో కాకుండా పాలతో కాచి, చెంచా నెయ్యి, మెత్తగా దంచి జల్లించిన చెనక్కాయల పొడి కలపండి. సంకటిని జారుగా చేసి, మిరపకాయ వేయని కందిపప్పు ఎనిపి పెట్టండి. పుల్లగా లేని పెరుగు, మెత్తగా చిదిమిన ఉడికిన గుడ్డు రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా ఇవ్వండి. మింగేటప్పుడు దగ్గొస్తున్నా, బరువు ఇంకా జారుతున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. కొన్నాళ్లు ముక్కు గొట్టం పెట్టాల్సి రావచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు.

లాలాజలం తగ్గిన నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. మెత్తటి బ్రష్ వాడండి, డాక్టరు రాసిస్తే ఫ్లోరైడ్ జెల్ కూడా. మన వైపు ఫ్లోరైడ్ అనగానే బోరునీళ్లు, వంకర కాళ్లు గుర్తొచ్చి వద్దంటారు. ఇది పళ్లకు పట్టించి ఉమ్మేసేది, మింగేది కాదు.

రుచి కొందరికి రెండు మూడు నెలల్లో మొదలై, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు చాలావరకు వస్తుంది. పూర్తిగా రాకపోవచ్చు కూడా. కారానికి తేదీ చెప్పలేను. నోట్లో పుండు, ఎరుపు లేవని డాక్టరు చూసి చెప్పాక, చిటికెడు మిరియాల పొడితో మొదలెట్టండి. ఎర్రకారం చివర్లో.

వక్కపొడి "ఒక్కటే" అన్నారు. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ తెస్తుంది, పైగా బుగ్గ లోపల గట్టిపరిచి నోటిని ఇంకా బిగిస్తుంది. అది కూడా ఇంట్లో ఉండకూడదు. మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి చెకప్ తప్పనిసరి, నొప్పి ఏమీ లేకపోయినా. మెడకు కూడా కరెంటు పెట్టి ఉంటే, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్) రక్త పరీక్ష అడిగి చేయించుకోండి.