బెల్టు మార్చాక టైమింగ్ తప్పితే సెల్ఫు కొట్టకండి, చేత్తో తిప్పించండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: రాజోలు దగ్గర ఒక షెడ్డులో మీ నాలుగు సిలిండర్ల డీజిల్ కారుకు టైమింగ్ బెల్టు మార్చారు, ఆ తర్వాత బండి స్టార్టు కావడం లేదు, సెల్ఫు కొట్టినప్పుడు లోపల ఒకసారి టక్కుమని శబ్దం వచ్చింది, ఇప్పుడు మేస్త్రి బెల్టును ఒక పన్ను జరిపి మళ్ళీ కొట్టి చూద్దామంటున్నారు. వాల్వులు పాడుకాకుండా టైమింగ్ మళ్ళీ ఎలా పెట్టాలని మీరు అడిగారు. పాలకొల్లు పరిసరాల్లో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడిగా ముందు ఒక మాట చెబుతాను: ఇక సెల్ఫు కొట్టనివ్వవద్దు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు అడ్డం పెట్టించండి. గేరులో ఉన్న బండిని నలుగురు కలిసి షెడ్డులోకి తోసినా క్రాంక్ (పిస్టన్లను పైకీ కిందికీ ఆడించే ఇరుసు) తిరుగుతుంది, దానివల్ల సెల్ఫుతో వచ్చే నష్టమే వస్తుంది.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్కను నిలబెట్టేది బెల్టు ఒక్కటే. డీజిల్ ఇంజనులో గాలిని బాగా నొక్కాలి కాబట్టి, పిస్టన్ పైకి వచ్చేసరికి దానికీ సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డుకూ మధ్య మిగిలే ఖాళీ చాలా తక్కువ. ఆ సమయంలో ఏ వాల్వయినా కాస్త ఎక్కువగా తెరుచుకుని ఉంటే పిస్టన్ దాన్ని కొడుతుంది. క్రాంక్ గేరుకు 20 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక పన్ను తప్పడమంటే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తప్పినట్టు. ఒక పన్ను తేడాను కొన్ని ఇంజన్లు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. మీ ఇంజను ఏ రకమో తెలియకుండా, ఎటువైపు తప్పిందో చూడకుండా, ఒక పన్ను జరిపి కొట్టి చూడటం పరీక్ష అనిపించుకోదు.

మన డెల్టాలో చాలామంది మేస్త్రీల చేతులు పంపుసెట్లు, ట్రాక్టర్ల మీద తయారయ్యాయి. ఆ ఇంజన్లలో టైమింగ్‌ను గేర్లే నడిపిస్తాయి. ఒకసారి మార్కులు కలిపి బిగిస్తే అది జారిపోయే అవకాశం లేదు, హ్యాండిల్ వేసి బలంగా తిప్పినా ఏమీ కాదు. ఆ పనిలో ఆరితేరినవారి మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ అలవాటుతో బెల్టు ఇంజను దగ్గరకు రాకూడదు. ఇక్కడ బలం వాడే చోటు క్రాంక్ బోల్టు బిగింపు ఒక్కటే.

వాల్వులను కాపాడేది చేతికి తెలిసే స్పర్శ. అందుకే ముందుగా హీటర్ ప్లగ్గులు (స్టార్టు చేసేముందు సిలిండర్లను వేడిచేసేవి) విప్పించండి. అవి ఉన్నంతవరకు సిలిండరులో గాలి నొక్కుకుపోయి, క్రాంక్ బోల్టును తిప్పే రాట్చెట్ పిడిని వెనక్కి నెడుతుంది, అది గాలి వల్లనో లోహం వల్లనో కొత్తవారికి తేడా తెలియదు. ప్లగ్గులు తీసేస్తే గాలి బయటకు పోతుంది కాబట్టి, ఆ తర్వాత ఎక్కడ గట్టిగా ఆగినా వాల్వు పిస్టన్‌కు తగిలిందనే అనుమానించాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో తిరిగే బండ్లకు ఈ ప్లగ్గులు తుప్పుపట్టి బిగుసుకుపోతుంటాయి. రాత్రంతా తుప్పు వదిలించే నూనె వేసి ఉంచినా కదలకపోతే వదిలేయమనండి, ఎందుకంటే ప్లగ్గు విరిగితే దానికోసమే హెడ్డు విప్పాల్సి రావచ్చు. అలాంటప్పుడు చేతికి తెలిసే తేడాను గుర్తుపెట్టుకోవాలి. గాలి అడ్డుపడితే మెత్తగా ఎదురు తన్నుతుంది, రాట్చెట్‌ను అలాగే పట్టుకుని ఉంటే కొద్ది క్షణాల్లో గాలి జారి చెయ్యి ముందుకు సాగుతుంది. వాల్వు తగిలితే గోడకు కొట్టుకున్నట్టు ఒక్కసారిగా ఆగిపోతుంది, ఎంతసేపు పట్టుకున్నా సాగదు. చేతి బలంతో నెమ్మదిగా తిప్పుతూ తగిలిన వెంటనే ఆపి వెనక్కి వస్తే సాధారణంగా వాల్వు వంగదు. పొడవాటి పైపు తగిలించి తిప్పితే ఆ తేడా తెలిసే వీలే ఉండదు.

తర్వాత మార్కులు వెతకాలి. వర్షాకాలంలో వరద నీటిలో నడిచిన ఒక బండి లంక గ్రామాల వైపు నుంచి నా దగ్గరకు వచ్చింది. కింది కవరు విప్పితే క్రాంక్ గేరు పళ్ళ సందుల్లో గోదావరి ఒండ్రు ఎండి రాయిలా పట్టేసి ఉంది; బెల్టు పన్ను పూర్తిగా కూర్చోలేక పైకెక్కి జారింది. దాన్ని బ్రష్షుతో, డీజిల్‌తో కడిగితే తప్ప కంపెనీ పోతపోసిన మార్కు కనిపించలేదు. దాని పక్కనే ఎవరో ఇంతకుముందు పెట్టిన పెయింటు గీతలు మూడు రంగుల్లో ఉన్నాయి. అలాంటి గీతలను తుడిపించేసి, గేరు మీద, బ్లాకు మీద పోతలో వచ్చిన మార్కులనే నమ్మమనండి. మీ ఇంజనుకు లాకింగ్ పిన్నులు (గేర్లను సరైన స్థానంలో నిలిపేవి) ఉంటే అవే వాడాలి, డ్రిల్లు బిట్టుతో సరిపెట్టకూడదు. ఆ పిన్నులు స్థానం చూపడానికే. వాటి మీద ఆనించి బోల్టులు విప్పితే పిన్నయినా విరుగుతుంది, అది దూరిన రంధ్రమయినా పగులుతుంది. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ ఎత్తు చూడటానికి కొబ్బరి ఈనె వాడేవారిని చూశాను. అది లోపల విరిగితే తీయడం చాలా కష్టం, పొడవాటి ప్లాస్టిక్ స్ట్రా మేలు.

ఇప్పుడు అసలు పని. టెన్షనర్ (బెల్టును బిగుతుగా ఉంచే చక్రం) వదులు చేసి బెల్టు తీశాక, క్యామ్ ముట్టుకోకముందే క్రాంక్‌ను టాప్ మార్కుకు (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినట్టు చూపే గుర్తుకు) 90 డిగ్రీలు ముందున్న స్థానానికి నెమ్మదిగా తీసుకురావాలి. నాలుగు సిలిండర్ల ఇంజనులో అక్కడ నాలుగు పిస్టన్లూ దాదాపు సగం లోతులో ఉంటాయి కాబట్టి ఏ వాల్వు ఎంత తెరుచుకున్నా తగిలేందుకు పిస్టన్ దగ్గరలో ఉండదు. మూడు సిలిండర్ల ఇంజనులో ఇలా అన్నీ సమానంగా దిగే స్థానం లేదు. అక్కడ ఏ పిస్టనూ టాప్‌కు 60 డిగ్రీల కంటే దగ్గరగా లేని చోటు చూసుకోవాలి. ఆ తర్వాతే క్యామ్‌ను దాని మార్కుకు తిప్పాలి. క్యామ్ మీద స్ప్రింగుల ఒత్తిడి ఉంటుంది గనుక ఒక చోట అది దానంతట అదే గిర్రున దూకుతుంది. స్పానర్ వదలకుండా పట్టుకుని ఉండాలి. రెండు క్యామ్‌లున్న కొన్ని పెట్రోలు ఇంజన్లలో ఇన్లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు ఒకదానికొకటే తగులుతాయి కాబట్టి ఒక్కో క్యామ్‌ను కొద్దికొద్దిగా జరపాలి. క్యామ్ మార్కు కలిశాక క్రాంక్‌ను ఇంజను తిరిగే దిశలోనే ఆ పావు చుట్టు తిప్పి టాప్ మార్కు దగ్గర ఆపాలి.

బెల్టును క్రాంక్ గేరు నుంచి మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిర్రుగా ఉండేటట్టు ఎక్కించి, వదులంతా టెన్షనర్ వైపుకు వచ్చాకే దాన్ని బిగించాలి. టెన్షనర్, ఐడ్లర్ (బెల్టుకు దారి చూపే చక్రం), బెల్టుతోనే తిరిగేదైతే వాటర్ పంపు కూడా కొత్తవి వేయించడం మంచిది. పాత డీజిల్ ఇంజనులో సిలిండర్లకు డీజిల్ పంపే రోటరీ పంపు కూడా ఇదే బెల్టు మీద తిరుగుతుంటే దాని గేరు మార్కు కూడా కలవాలి. అది ఒక్కటి తప్పితే వాల్వులకు ఏమీ కాకపోయినా బండి స్టార్టవడానికి మొరాయిస్తుంది, పొగ కక్కుతుంది. మీ ఫిర్యాదులో కొంత భాగం ఇదే కావచ్చు.

ఇక పిన్నులన్నీ తీసేసి, క్రాంక్ బోల్టు పట్టుకుని, తిరిగే దిశలో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. నాలుగు స్ట్రోకులూ పూర్తి కావడానికి రెండు చుట్లు కావాలి, అందుకే ఒక చుట్టుతో సరిపెట్టకూడదు. క్యామ్ బోల్టు పట్టుకుని ఇంజను తిప్పకూడదు. రెండు చుట్ల తర్వాత గేర్ల మార్కులు తిరిగి అక్కడికే రావాలి, పిన్నులు బలవంతం లేకుండా దూరాలి. కొత్త బెల్టు మీద అచ్చువేసిన గీతలు మాత్రం ఈసారి కలవవు. బెల్టు పళ్ళ సంఖ్య వేరు కాబట్టి అవి మళ్ళీ కలవడానికి చాలా చుట్లు పడుతుంది. వాటిని చూసి కంగారుపడి సరిగ్గా ఉన్న టైమింగ్‌ను చెడగొట్టుకున్నవారు ఉన్నారు. ఇదంతా సరిపోయాకే ప్లగ్గులు బిగించి సెల్ఫు కొట్టాలి. స్కానరులో (కారు కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే పరికరంలో) పి0016 కోడు కనిపిస్తే క్రాంక్, క్యామ్ సెన్సర్ల లెక్క కలవలేదని అర్థం. కోడు చెరిపేసి మళ్ళీ కొట్టకుండా కవరు విప్పి మార్కులు మళ్ళీ చూడాలి.

ఆ టక్కుమన్న శబ్దం విషయానికి వస్తే, అది విన్నంత మాత్రాన హెడ్డు విప్పడానికి ఒప్పుకోకండి. టైమింగ్ సరిగ్గా పెట్టాక, ఒక్కో సిలిండరును వాల్వులన్నీ మూసుకునే టాప్ స్థానంలో ఉంచి, క్రాంక్ కదలకుండా పట్టి, హీటర్ ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపమనండి. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్లెట్ వాల్వు, సైలెన్సర్ వైపు బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు వంగిందని తెలుస్తుంది. అలా రుజువైతేనే హెడ్డు విప్పాలి. విజయవాడ ఆటోనగర్‌కు గానీ రాజమండ్రికి గానీ హెడ్డు పంపితే వాల్వులతో పాటు గైడ్లు (వాల్వు కాడలు జారే గొట్టాలు) కూడా చూడమని చెప్పండి. మీ మోడలు హెడ్డుకు ఫేసింగ్ కొట్టవచ్చో (అడుగు భాగాన్ని చెక్కి చదును చేయవచ్చో) లేదో మాన్యువల్‌లో చూసుకోండి, కొన్ని డీజిల్ హెడ్లకు తయారీదారులే వద్దంటారు. చాలా డీజిల్ ఇంజన్లకు హెడ్ గ్యాస్కెట్టు (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య పెట్టే రేకు) రెండు మూడు మందాల్లో వస్తుంది, అంచున ఉండే గాట్లో రంధ్రాలో ఆ మందాన్ని చెబుతాయి. పాత గ్యాస్కెట్టును పారేయనివ్వకుండా, దానితో పోల్చి అదే మందం తెప్పించండి. పలచనిది పడితే వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఉన్న ఆ కొద్ది ఖాళీ ఇంకా తగ్గిపోతుంది.