కింది కోర్టు జడ్జి మీద హైకోర్టులో రిట్ వెయ్యొచ్చా?

దావా మధ్యలో మీ పిటిషన్ కొట్టేశారు, ఆ జడ్జిగారి మీద రిట్ వేస్తే ఎంతవుతుంది అని అడిగారు. ఖర్చు సంగతి తర్వాత, ముందు అది నిలవదు. సివిల్ కోర్టు ఇచ్చిన ఆర్డరు మీద రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ (అధికారులు తప్పు చేస్తే సరిదిద్దమని నేరుగా హైకోర్టుని అడిగే పిటిషన్) కుదరదని సుప్రీంకోర్టు 2015లో రాధేశ్యామ్ కేసులో తేల్చేసింది. అంతకుముందు 2003లో సూర్యదేవ్ రాయ్ కేసులో కుదురుతుందన్నారు. మన జిల్లా ప్లీడర్లు కొందరు ఇంకా ఆ 2003లోనే ఉండిపోయారు.

మా చిన్నాన్నకి పలాస వైపు జీడితోట ఉంది. పక్కతోట ఆసామీ గట్టు జరిపేశాడని చిన్నాన్న దావా వేశాడు. కొలతలకి అడ్వకేట్ కమిషనర్ని (స్థలం చూసి రిపోర్టివ్వడానికి కోర్టు పంపే లాయరుని) వెయ్యమని పిటిషన్ పెడితే, సాక్ష్యం మొదలవకుండా ఇప్పుడే ఎందుకని జడ్జిగారు కొట్టేశారు. చిన్నాన్న కోర్టు మెట్ల మీదే ‘ఈ జడ్జి మీద రిట్టెయ్యకపోతే నాను మా బాబుకి పుట్టనేదు’ అని కేకలు. మా ప్లీడరు గారు కూడా ఊ అని కాగితాలు తయారుచేసేశారు. అవి పట్టుకుని, ఓ సంచీడు జీడిపప్పుతో రాత్రి రైలెక్కి విజయవాడ వెళ్ళాం.

అక్కడి పెద్ద లాయరు గారు మొదటి పేజీ చూసి ఆగిపోయారు. ఒకటో ప్రతివాది స్థానంలో జడ్జిగారి పేరుంది.

‘ఈయన మీ గట్టు జరిపాడా?’

‘నేదు బాబూ.’

‘మరి ఇక్కడెందుకున్నాడు?’

ఎర్రపెన్నుతో ఆ పేరు కొట్టేశారు. జడ్జీలని పార్టీలుగా లాగొద్దని సుప్రీంకోర్టు 1999లోనే సావిత్రీదేవి కేసులో మందలించిందట. 226 తీసి, కింది కోర్టుల మీద హైకోర్టుకి అజమాయిషీ ఇచ్చే 227వ అధికరణం పెట్టి, సివిల్ రివిజన్ పిటిషన్ అని మార్చి రాయించారు. చిన్నాన్నకి మాత్రం రిట్ అన్న మాట పోయినందుకే దిగులు.

తప్పు చిన్నాన్నది కాదు. పాసుపుస్తకం ఇవ్వని తహసీల్దారు మీద రిట్ వేస్తే పనవుతుంది. ఊళ్ళో అది చూసి జడ్జి కూడా ఇంకో ఆఫీసరే అనుకుంటారు. 227 అయినా అప్పీలు కాదు. కింది కోర్టు తన హద్దు దాటిందా అన్నదే హైకోర్టు చూస్తుంది. హద్దులో ఉండి పొరపాటు పడితే సాధారణంగా వేలు పెట్టదు. 1954 నుంచీ ఇదే మాట. మాకూ అదే జరిగింది: సాక్ష్యం అయ్యాక కింది కోర్టునే మళ్ళీ అడుక్కోమని హైకోర్టు కొట్టేసింది. ఆలోగా హైకోర్టు స్టే వల్ల దావా కదల్లేదు, గట్టు పక్క చెట్ల పంట పక్క ఆసామీ ఏరుకుపోయాడు. తర్వాత అడిగితే అదే జడ్జిగారు కమిషనర్ని వేశారు!

ఈ హద్దు ఉండాల్సిందే అంటాను. ప్రతి చిన్న ఆర్డరుకీ పైకి పరిగెడితే ఏ దావా తెమలదు. దావాలు ముసలైపోవడానికి జడ్జీల కన్నా మనమే ఎక్కువ కారణం. తుది తీర్పు మీద అప్పీలు వేసినప్పుడు మధ్యలో ఇచ్చిన తప్పుడు ఆర్డరుని కూడా ఎత్తిచూపొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 105 ఉన్నది అందుకే. ఇది ఏ ప్లీడరూ చెప్పడు, ఫీజు రాదు కదా. 2019లో హైకోర్టు హైదరాబాదు నుంచి అమరావతి వచ్చింది గానీ ఇచ్ఛాపురం వాడికి ఇప్పటికీ రాత్రంతా రైలే.

మీరైతే ముందు ఆ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మీ మాట వినకుండానో, అధికారం లేకుండానో ఆర్డరిచ్చి ఉంటే రివిజన్ వెయ్యండి. విని, నమ్మలేదంతే అయితే టికెట్టు దండగ. జడ్జి డబ్బు తిన్నాడన్నదే మీ అనుమానమైతే దానికీ రిట్ కాదు, ఆధారాలతో, ప్రమాణపత్రంతో హైకోర్టుకి ఫిర్యాదు పెట్టాలి.