అతుకుల దగ్గర వెతుకు: ఒక యువ కూర్పరికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు నీవు కూర్చిన ఇంగ్లీషు పజిలూ అందాయి. ఫలానా అక్షరాలు పక్కపక్కన వచ్చే వింత పదాలను ఎక్కడ పట్టుకోవాలి అని అడిగావు. పట్టుకోవడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. పట్టుకున్నవాటిలో దేన్ని అచ్చుకు పంపాలో తేల్చుకోవడమే అసలు పని. నీ పజిలులో ‘క్రూత్’ అనే వెల్ష్ తంత్రీవాద్యం పేరు చూశాను. సి, ఆర్, డబ్ల్యు, టి, హెచ్ తప్ప అందులో మరో అక్షరం లేదన్నది నిజమే. కాని జవాబు చూసిన పాఠకుడు ‘ఇది నాకు తట్టలేదే’ అని నాలిక కరచుకోడు, ‘ఇలాంటి మాట కూడా ఉందా’ అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఎ, ఇ, ఐ, ఓ, యు లేకపోవడమనే అదే లక్షణం ‘రిథమ్’లోనూ ఉంది. బడిపిల్లలకు కూడా తెలిసిన మాట అది, అయినా ఆ అయిదింటిలో ఒక్కటీ అందులో లేదని చెప్పేదాకా చాలామందికి తోచదు. పాఠకుడికి పదం తెలిసి ఉండాలి, దానిలోని అక్షరాల పొందిక మాత్రం అతని కంట పడకుండా ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను పట్టు విడవను.

అలాంటి పొందికలు ఎక్కువగా దొరికేది రెండు మాటలు అతుక్కున్న చోట. ‘సైట్‌స్క్రీన్’నే తీసుకో. బౌలర్ చెయ్యి వదిలిన బంతి బ్యాట్స్‌మన్‌కు స్పష్టంగా కనబడేందుకు బౌండరీ అవతల నిలబెట్టే ఆ తెర పేరు క్రికెట్ చూసేవాళ్లందరికీ తెలుసు. దాని నడుమ జి, హెచ్, టి, ఎస్, సి, ఆర్ అని ఆరు హల్లులు వరుసగా నిలబడి ఉన్నాయి. ‘సైట్’ తోకలో మూడు, ‘స్క్రీన్’ తలలో మూడు ఉన్నందువల్ల, విడివిడిగా చూస్తే వింతేమీ లేదు, కలిపి చూస్తేనే ఉంది. ‘క్యాచ్‌ఫ్రేజ్’ కూడా ఈ కోవలోదే. ‘విత్‌హోల్డ్’లో అతుకు దగ్గర హెచ్ రెండుసార్లు రాయాలి, ‘థ్రెషోల్డ్’లో ఎస్ తరువాత ఒక్కసారే రాయాలి, ఈ రెంటినీ పక్కపక్కన ఇచ్చి చూడు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా తడబడతారు. వరుసగా మూడు జంట అక్షరాలున్న ‘బుక్‌కీపర్’ జోలికి మాత్రం పోవద్దు. అది అందరూ వాడి వాడి అరగదీసిన ఉదాహరణ.

డి పక్కన హెచ్ వచ్చే పదాలను ఏరి చూస్తే రెండు కుప్పలు తేలతాయి. ‘చైల్డ్‌హుడ్’, ‘రెడ్‌హెడ్’, ‘అడ్‌హియర్’ వంటివి ఒక కుప్ప. వీటిలో డి ఒక ముక్కకు చెందితే హెచ్ మరో ముక్కకు చెందుతుంది. ‘ధోతీ’, ‘ధర్మ’, ‘జోధ్‌పూర్స్’ వంటివి రెండో కుప్ప. వీటిలో ఆ రెండక్షరాలూ కలిసి మన ధకారాన్నే రాస్తున్నాయి. భాషాశాస్త్ర పదంగా ఇంగ్లీషు నిఘంటువులకెక్కిన ‘సంధి’ కూడా ఈ రెండో కుప్పలోనే ఉంది. అతుకుల కోసం వెతికేవాడికి సంధి అన్న మాటే ఎదురుపడటం నాకు ఇప్పటికీ తమాషాగా ఉంటుంది.

ఇక నీవు ప్రత్యేకంగా అడిగినది, యు తోడు లేని క్యూ. పాత ఇంగ్లీషులో ‘క్వీన్’ను సి, డబ్ల్యులతో మొదలుపెట్టి రాసేవారు, నార్మన్ల ఏలుబడి వచ్చాక లేఖకులు ఫ్రెంచి పద్ధతిలో క్యూ, యు జంటను ప్రవేశపెట్టారు. కాబట్టి ఆ జంట విడిపోయి కనబడిన పదం చాలావరకు వేరే లిపి నుంచి వచ్చి చేరినదే. ‘ఖవ్వాలి’, ‘తలాఖ్’ ఇంగ్లీషులో క్యూతో ఉండటానికి అరబీ ఖాఫ్ అనే అక్షరం కారణం. ఆ అక్షరాన్ని హైదరాబాదు దక్కనీ ఉర్దూలో ‘ఖ’గా పలకడం నీవు వినే ఉంటావు. ఇరాన్‌లోని భూగర్భ జలమార్గం ‘ఖనాత్’ కూడా అంతే. బీదర్‌లో అదే ఏర్పాటును కరేజ్ అంటారు. అక్షరాల బిళ్ళలతో పదాలు కూర్చే స్క్రాబుల్ ఆటగాళ్లు ప్రాణంగా చూసుకునే రెండక్షరాల ‘చీ’ది వేరే కథ. ప్రాణశక్తి అనే అర్థమున్న చైనా మాట అది. పాత పద్ధతిలో దానిని సి, హెచ్, ఐ అని రాసేవారు. చైనా మాటలను రోమన్ లిపిలో రాసేందుకు ఆ దేశం 1958లో పిన్‌యిన్ పద్ధతిని ఆమోదించాక అది క్యూ, ఐగా మారింది. పది పాయింట్ల క్యూ బిళ్ళ ఆటలో ఒక్కటే ఉంటుంది కనుక, ఉత్తర అమెరికా పదజాబితా 2006లో ఈ రూపాన్ని ఒప్పుకున్నప్పుడు ఆటగాళ్లకు పండుగే అయింది.

అరువు పదాలన్నిటినీ తోసిపుచ్చమని నేను అనను. పాఠకుడికి ఏదో ఒక ఆధారం దొరికితే చాలు. లోయ అని అర్థమున్న వెల్ష్ మాట, సి, డబ్ల్యు, ఎం అని రాసే ‘కూమ్’ ఎంత వింతగా ఉన్నా, ఎవరెస్టు కథలు చదివినవాడికి వెస్టర్న్ కూమ్ గుర్తుకొస్తుంది. 1921లో జార్జ్ మాలరీ ఆ హిమలోయకు పెట్టిన పేరు అది. సూచనలో ఎవరెస్టు ప్రస్తావన ఉంటే నీ పదం న్యాయంగా నిలుస్తుంది.

వెతికే పనిముట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వరుసకొక పదం చొప్పున ఉన్న జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని, అడిగిన అక్షరాల వరుస ఉన్న పంక్తులను ఏరి చూపే గ్రెప్ ఆదేశంతో కంప్యూటరులో జల్లెడ పట్టు. ఒక మెలకువ మాత్రం గుర్తుంచుకో. ‘క్యూ తరువాత యు కాని అక్షరం’ అని అడిగితే, క్యూతోనే ముగిసే ‘తలాఖ్’ దొరకదు, ఎందుకంటే దాని తరువాత అసలు అక్షరమే లేదు. పదం చివరి క్యూ కోసం మరోసారి విడిగా అడగాలి. జాబితాలో ఇరాక్, ఖతార్ వంటి పేర్లు కలిసిపోయి ఉంటే ముందే ఏరి పారేయి. మిగిలిన ప్రతి పదాన్నీ మంచి నిఘంటువులో తెరిచి అర్థమూ ఉచ్చారణా చూడు, అన్నిటికన్నా ముఖ్యంగా నడుమ గీత ఉందో లేదో చూడు. సైట్‌స్క్రీన్‌ను గీత పెట్టి రాసేవాళ్లూ ఉన్నారు. గీత పడితే ఆరు హల్లుల వరుస తెగిపోతుంది, పాఠకుల నుంచి ఉత్తరాలు వస్తాయి, వాటికి జవాబు రాసుకోవలసింది నీవే.

శుభాకాంక్షలతో.